నాన్న జేబులో చాకు

ఆ ప్లాస్టిక్ ట్రేలో అప్పటికే నాలుగు గోళ్ల కత్తెరలు, రెండు లైటర్లు, ఓ స్క్రూడ్రైవరు ఉన్నాయి. వాటి పక్కకి ఇత్తడి రేకుల మడత చాకు ఒకటి వచ్చి చేరింది. 'ఇది లోపలికి తీసుకెళ్లకూడదు సార్' అన్నాడు విమానాశ్రయంలో తనిఖీ చేసే కుర్రాడు... మర్యాదగానే. వెనక్కి వెళ్లి బయట ఎవరికైనా అప్పగించి రావచ్చు. కానీ విమానం గేటు మూసేందుకు ఇరవై నిమిషాలే ఉంది. అతను ఒక్క క్షణం తటపటాయించి 'సరే, ఉంచుకోండి' అన్నాడు.

ఆ సంగతి ఇంట్లో చెప్పడానికి అతనికి ఐదు నెలలు పట్టింది. ఎందుకంటే ఆ చాకు అతనిది కాదు, వాళ్ల నాన్నది!

కొని తెచ్చుకున్నదీ కాదు. 1971లో ఆయన లాలాగూడ రైల్వే వర్క్‌షాపులో అప్రెంటిస్. అరిగిపోయి తుక్కులో పడేసిన ఓ ఆకురాయిని ఫోర్‌మన్‌ని అడిగి తెచ్చుకుని, మధ్యాహ్నం అన్నాల బెల్లుకీ మళ్లీ పని బెల్లుకీ మధ్య దొరికే కాస్త సమయంలో నెలల తరబడి చేసుకున్న చాకు. మూడంగుళాల బ్లేడు. మూస్తే అరచేతిలో ఇమిడిపోయేది. ఆ తర్వాత యాభై ఏళ్లు ఆయన చొక్కా మారింది, ఇల్లు మారింది, ఉద్యోగంలో హోదా మారింది. చాకు మాత్రం జేబులోంచి దిగలేదు. రైల్లో మామిడికాయ కోసినా, పిల్లల పెన్సిళ్లు చెక్కినా, పార్సిల్ కట్టిన పురికొస తెంపినా, సంక్రాంతికి గాలిపటం వెదురుపుల్ల చీల్చినా అదే. పని కాగానే లుంగీ అంచుకి ఓసారి తుడిచి మడిచేవారు. 'టక్' మనేది. ఆ ఇంట్లో పిల్లలకి ఆ చప్పుడు నాన్న చెప్పుల చప్పుడంత గుర్తు.

2019లో ఆయన చేతికి వణుకు మొదలైంది. పార్కిన్సన్స్ అన్నారు డాక్టర్లు. మొదట సంతకం చిన్నదైంది. తర్వాత చొక్కా గుండీలు మొరాయించాయి. ఓరోజు మధ్యాహ్నం ఆయన పడుకున్నప్పుడు అమ్మ ఆ చాకు తీసి కొడుకు చేతిలో పెట్టింది. 'నీ దగ్గర ఉంచు. ఎప్పుడో వేలు తెగ్గోసుకుంటారు' అని. అది అతని ఆఫీసు బ్యాగు పక్క అరలోకి వెళ్లింది. అక్కడ ఉన్నట్టు అతనే మర్చిపోయాడు. బ్యాగుని లోపలికి పంపించి తెరమీద చూసిన యంత్రం మర్చిపోలేదు.

'నా చాకేదిరా?' అని నెలకోసారైనా అడిగేవారు నాన్న. 'ఉంది నాన్నా, నా బ్యాగులో' అనేవాడు. ఐదు నెలల తర్వాత, 2023 నవంబరులో, ఇక అబద్ధం ఆడలేక చెప్పేశాడు. పెద్దాయన కాసేపు గోడమీద క్యాలెండరుకేసి చూశారు.

'ఆ కుర్రాడు దాన్ని తెరిచి చూశాడా?'

'చూశాడు నాన్నా.'

'చప్పుడు విన్నాడా?'

ఏం చెప్పాలో తెలియలేదు అతనికి. నాన్నే మళ్లీ అన్నారు. 'పోన్లే. ఇంకోటి చేద్దాం. చేతులు నీవి.'

ఆ చేతులు చూస్తే ఆ మాట సాహసమే. నలభై ఆరేళ్ల వయసు, కంప్యూటరు ముందు కూర్చునే ఉద్యోగం. గోడకి మేకు కొట్టాలన్నా వాచ్‌మన్‌ని పిలిచే రకం. 'ఆన్‌లైన్లో ఐదారొందలు పెడితే రేపు సాయంత్రానికి ఇంటికొస్తుంది కదండీ' అంది భార్య. నిజమే. అమ్మకి ఇంకో భయం... ఇంట్లో కత్తులు చేస్తున్నారని ఎవరైనా పోలీసులకి చెబితే! పాత సినిమాల్లో విలన్ జేబులోంచి తీసే రాంపురీ చాకు ఆవిడ మనసులో ఉంది. ఆ రాంపురీ బ్లేడు పొడవు వేరు, పని వేరు. ఉత్తరప్రదేశ్‌లోని ఆ రాంపూర్ ఊరివాళ్లు మాత్రం ఇప్పుడు దాన్ని దాచుకోవట్లేదు. 2023లో ఓ కూడలిలో ఇరవై అడుగుల చాకు బొమ్మే నిలబెట్టుకున్నారు. ఇక్కడ చేయబోయేది కాయలు కోసుకునే చాకు అని అమ్మకి నచ్చజెప్పేసరికి ఓ పూట గడిచింది.

అటక మీంచి ట్రంకు పెట్టె దిగింది. ఓ హాక్‌సా. మూడు ఆకురాళ్లు... ముతకది, మధ్యరకం, నున్ననిది. చేత్తో తిప్పే డ్రిల్లు. బెంచ్ వైస్. గుండుతల సుత్తి. మూలమట్టం చూసే ట్రైస్క్వేరు. అంతే! కరెంటుతో నడిచేది ఒక్కటీ లేదు. మల్కాజ్‌గిరిలో వాళ్ల డాబా మీద పాత చెక్కబల్లకి వైస్ బిగించి, పక్కన నాన్నకి ప్లాస్టిక్ కుర్చీ వేశారు.

ఆకురాయి చెప్పే మాట

మొదటి చిక్కు మొదట్లోనే వచ్చింది. ఆకురాయి చాలా గట్టి ఉక్కు. చాకుకి అదే కావాలి. కానీ ఆ గట్టిదనం ఉన్నంతసేపూ హాక్‌సా దానిమీద జారిపోతుంది. ముందు దాన్ని మెత్తబరచాలి. అంటే ఎర్రగా కాల్చి, ఎంత నెమ్మదిగా వీలైతే అంత నెమ్మదిగా చల్లారనివ్వాలి. ఎంత ఎర్రగా? దానికో చిట్కా ఉంది. ఉక్కు సుమారు 770 డిగ్రీల సెంటీగ్రేడ్ దాటితే అయస్కాంతానికి అంటుకోదు. పాత రేడియో స్పీకర్లోంచి అయస్కాంతం ఊడదీశారు. బొగ్గుల కుంపటి వెలిగించారు. కొలిమితిత్తి ఎక్కడ దొరుకుతుంది? కోడలి హెయిర్ డ్రయ్యరు పైకి వచ్చింది. (అది మళ్లీ తలకి పనికిరాలేదు. కొత్తది కొనాల్సి వచ్చింది. ఆ లెక్కన చాకు ఖరీదు ఆన్‌లైన్ ధరని మొదటివారమే దాటేసింది.) అయస్కాంతానికి అంటుకోవడం మానేయగానే ఆకురాయిని బకెట్టెడు బూడిదలో పూడ్చారు. ఆ బూడిద వీధి చివర ఇస్త్రీ బండి ఆయన ఇచ్చింది. తెల్లారి తీస్తే ఇంకా గోరువెచ్చగా ఉంది. హాక్‌సా పెడితే కోసింది.

అక్కడినుంచి ఆదివారం తర్వాత ఆదివారం... ఒకటే పని. రాయడం. ముందు ఆకురాయి మీది పళ్లన్నీ పోయేదాకా రాయడం, తర్వాత బ్లేడు ఆకారం వచ్చేదాకా రాయడం. ఐటీఐలో ఫిట్టర్ ట్రేడు చదివినవాళ్లని అడగండి, చెబుతారు. మొదట్లో రోజుల తరబడి ఓ ఇనుప ముక్క ఇచ్చి నాలుగు పక్కలా చదును చెయ్యమంటారు. చూసేవాళ్లకి అది పనిలాగే కనిపించదు. ఆకురాయి ముందుకి తోసేటప్పుడే కోస్తుంది. వెనక్కి లాగేటప్పుడు నొక్కితే దాని పళ్లే పాడవుతాయి. చేతులు రెండూ సమంగా నొక్కకపోతే అంచులు వాలిపోయి మధ్యలో బొడిపె మిగులుతుంది. ఇనుప రజను పళ్లలో ఇరుక్కుని గీతలు పడకుండా మధ్యమధ్య సుద్దముక్క రుద్దాలి. మనవరాలి బ్లాక్‌బోర్డు సుద్దలన్నీ అలాగే అయిపోయాయి.

నాన్న కుర్చీలో కూర్చునేవారు. చాలాసార్లు ఎండకి వీపుపెట్టి అటు తిరిగి. పని కనబడదు. వినబడుతుంది.

'కుడిచెయ్యి ఎక్కువ నొక్కుతున్నావ్.'

కొడుకు ట్రైస్క్వేరు పెట్టి చూసేవాడు. కుడివైపు వెలుతురు సందు కనబడేది.

'ఇప్పుడు వైసులో ముక్క వదులైంది. బిగించు.'

బిగించేవాడు. గరగర మన్నది సర్రుమని మారేది. ముప్ఫై ఎనిమిదేళ్లు ఆ చప్పుళ్ల మధ్య పనిచేసిన చెవులవి. చేతులు వినకపోయినా చెవులు ఇంకా డ్యూటీలోనే ఉన్నాయి. ఆరో ఆదివారానికి కొడుక్కి కూడా తేడా తెలియడం మొదలైంది. నాన్న నోరు తెరవబోయే ముందే తనే ఆపి బిగించుకునేవాడు. పెద్దాయన తెరవబోయిన నోరు మూసుకునేవారు.

మడత చాకు చూడ్డానికి ఆటబొమ్మలా ఉంటుందిగానీ, లోపల లెక్క పక్కాగా ఉండాలి. రెండు ఇత్తడి రేకులు. వాటి మధ్య ఓవైపు బ్లేడు, వెన్ను వెంబడి ఓ ఉక్కు స్ప్రింగు. స్ప్రింగు తోకనీ నడుమునీ రెండు మేకులు పట్టి ఉంచుతాయి. ముందుకొస ఖాళీగా ఉండి బ్లేడు మొదలుని అదిమి పెడుతుంది. ఆ మొదలు చతురస్రంలా ఉంటుంది. బ్లేడు తిప్పుతుంటే స్ప్రింగు ఒక పలకమీంచి ఇంకో పలకమీదకి దూకుతుంది. మూసినప్పుడు ఒకచోట, సగం తెరిచినప్పుడు ఒకచోట, పూర్తిగా తెరిచినప్పుడు మరోచోట ఆగుతుంది. ఈ మూడుచోట్లా స్ప్రింగు వెన్ను ఇత్తడి రేకుల అంచుతో సమంగా ఉండాలి. వేలితో రాస్తే మెట్టు తగలకూడదు. వెంట్రుకవాసి ఎక్కువ రాశారా, బ్లేడు లొడలొడలాడుతుంది. రాసింది మళ్లీ అతికించలేం.

ఈ పనివాళ్లలో ఓ మాట ఉంది. తెరిచేటప్పుడు బ్లేడు కదిలే తీరుని చాకు 'నడక' అంటారు, స్ప్రింగు పడినప్పుడు వచ్చే చప్పుడుని చాకు 'మాట' అంటారు. ఇంగ్లాండులోని షెఫీల్డ్ ఈ చాకులకి పుట్టిల్లులాంటిది. 1624 నుంచీ అక్కడ కత్తుల పనివాళ్లకి సంఘం ఉంది. చిన్నచిన్న గదుల్లో ఒంటరిగా పనిచేసుకునే కారిగర్లు ఒకప్పుడు ఆ ఊరినిండా ఉండేవారు. వాళ్లలో చివరితరం మనిషి స్టాన్ షా పద్నాలుగేళ్లకి పనిలో చేరి, ముసలితనంలోనూ చేత్తోనే జేబు చాకులు చేస్తూ, 2021లో తొంభై నాలుగేళ్ల వయసులో పోయారు. ఇంకో ముచ్చట. 1795లో లండన్‌లో మన దేశపు ఉక్కుని పరీక్షించాలనుకున్నప్పుడు స్టోడార్ట్ అనే కత్తుల పనివాడు దానితో చేసి చూసింది కత్తి కాదు, కలాలు చెక్కుకునే చిన్న చాకు! మేలైన ఉక్కు చాకుకి ఏమాత్రం తీసిపోలేదని అప్పుడు రాసుకున్నారు. వాళ్లు దాన్ని 'వూట్జ్' అని పిలిచారు. మన 'ఉక్కు' అన్న మాటే వాళ్ల నోట అలా మారిందని చెబుతారు. ఆ రకం ఉక్కు కోసం విదేశీ వర్తకులు నిజామాబాద్ జిల్లా కోనసముద్రం దాకా వచ్చేవారు.

డాబా మీద మాత్రం మేలురకం ఉక్కు ఏదీ లేదు. ఇరుసుకి పాత మోటార్‌సైకిల్ చక్రం పుల్ల ముక్క, మిగతా మేకులకి ఇత్తడి తీగ, పిడికి అమ్మమ్మగారి పందిరిమంచం కోడు విరిగినప్పటి టేకుముక్క. రెండు రేకుల్నీ కలిపి పట్టి ఒకేసారి డ్రిల్లు చేశారు. లేకపోతే చిల్లులు ఎదురెదురుగా రావు. కొడుకు డ్రిల్లు తిప్పుతుంటే ఎదురుగా మనవరాలు ట్రైస్క్వేరు పట్టుకుని 'నాన్నా, కొంచెం వాలింది' అని చెప్పాలి. తొమ్మిదేళ్ల పిల్ల. తాత పోలిక, ఒక్కటీ వదల్లేదు.

ఫిబ్రవరి నాటికి బ్లేడు, స్ప్రింగు పొందిక కుదిరింది. మూడుచోట్లా మెట్టు లేదు. ఇక గట్టిపరచడమే మిగిలింది. మళ్లీ ఎర్రగా కాల్చి, ఈసారి ఒక్కసారిగా చల్లార్చాలి. 'నూనెలో ముంచాలి. నీళ్లు వద్దు' అని నాన్న ముందురోజు నుంచే చెబుతున్నారు. వేరుశనగ నూనె గిన్నె సిద్ధం చేశారు. తీరా బ్లేడు ఎర్రబడే సమయానికి ఆ గిన్నె కింద వంటింట్లోనే ఉంది! తీసుకొచ్చేలోగా వేడి దిగిపోతుందేమోనని కొడుకు కంగారుపడ్డాడు. ఎదురుగా మొక్కలకి పోసే నీళ్ల బకెట్టు. సినిమాల్లో కమ్మరివాళ్లు ముంచేది నీళ్లలోనే కదా... ముంచేశాడు.

బుస్సుమంది. ఆ బుస్సులో సన్నగా ఇంకో చప్పుడు.

'టిక్.'

'పోయింది' అన్నారు నాన్న, అటు తిరిగే.

బ్లేడు పైకి తీస్తే బాగానే ఉంది. మెరుస్తోంది కూడా. కొడుకు వాదించబోయాడు. నాన్న గుడ్డతో తుడవమన్నారు. అంచునుంచి వెన్నుదాకా తలవెంట్రుకంత గీత. రెండు వేళ్లతో వంచితే బిస్కెట్టులా విరిగింది. పలచటి గట్టి ఉక్కు నీళ్ల దెబ్బకి తట్టుకోలేదు. నూనె కాస్త నెమ్మదిగా చల్లారుస్తుంది, అందుకే నూనె. తొమ్మిది ఆదివారాల పని!

ఆరోజు నాన్న ఏమీ అనలేదు. మర్నాడు పొద్దున కాఫీ తాగుతూ 'నాదీ మొదటిది పగిలింది' అన్నారు. యాభై ఏళ్లలో ఆ మాట ఇంట్లో ఎవరూ వినలేదు. 'మరి ఫోర్‌మన్ ఏమన్నాడు?' అని కొడుకు అడిగాడు. 'ఇంకో ఆకురాయి ఇచ్చాడు.'

రెండో బ్లేడుకి ఐదు ఆదివారాలే పట్టాయి. ఈసారి నూనెగిన్నె కుంపటి పక్కనే ఉంది, దానికి మనవరాలు కాపలా. ముంచి తీశాక ఆకురాయి పెట్టి రాస్తే గాజుమీద రాసినట్టు జారింది. అంటే గట్టిపడింది. అలాగే వదిలేస్తే పెళుసు. కేకులు చేసే ఓవెన్లో రెండు వందల డిగ్రీల దగ్గర గంటసేపు ఉంచి, చల్లార్చి, మళ్లీ గంట ఉంచారు. బ్లేడు ఎండుగడ్డి రంగులోకి వచ్చింది. స్ప్రింగుకి అది చాలదు. గ్యాస్ పొయ్యి మంటమీద ఆడిస్తూ కాలిస్తే గడ్డిరంగు గోధుమరంగై, ఊదాయై, ఉన్నట్టుండి నెమలికంఠంలా నీలమైంది. 'తియ్!' అన్నారు నాన్న. ఆ రంగు దగ్గర ఆపితే ఉక్కు విరగదు, వంగి తిరిగొస్తుంది.

చివరి మెలిక రివెట్ కొట్టడంలో ఉంది. వదులుగా కొడితే బ్లేడు ఊగుతుంది, బిగిస్తే కదలదు. నూనెలో తడిపిన న్యూస్‌పేపర్ ముక్కని బ్లేడుకీ రేకుకీ మధ్య పెట్టి కొట్టి, ఆ తర్వాత కాగితం లాగేస్తే ఆ మందమే సందుగా మిగులుతుంది. మామూలు రోజు పేపరే వాడమన్నారు పెద్దాయన. ఆదివారం పుస్తకం కాగితానికి నునుపు ఎక్కువట!

టక్...

2024 ఏప్రిల్లో ఓ సాయంత్రం చాకు పూర్తయింది. కొడుకు తెరిచి మూశాడు. టక్. అచ్చం అదే చప్పుడు. వంటింట్లోంచి అమ్మ కొంగుతో చేతులు తుడుచుకుంటూ వచ్చేసింది. అతను చాకు తీసుకెళ్లి నాన్న చేతిలో పెట్టాడు.

బ్లేడు వెన్నుకి దగ్గరగా గోరుపెట్టి లాగడానికి సన్నటి గాడి ఉంటుంది. నాన్న బొటనగోరు ఆ గాడిలో పెట్టారు. జారింది. మళ్లీ పెట్టారు. మళ్లీ జారింది. మూడోసారి గోరు నిలిచింది గానీ స్ప్రింగు లేవలేదు. గట్టి స్ప్రింగు ఉన్నదే మంచి చాకు అని ఆరు నెలలుగా ఆయనే చెప్పారు. కొడుకు చెప్పినట్టే చేశాడు. నాలుగోసారి ప్రయత్నించకుండా పెద్దాయన చాకుని తిప్పి ఇటూ అటూ చూసి, 'బాగుంది. బీరువాలో పెట్టు' అన్నారు.

రాత్రి పదకొండింటికి డాబా మీద లైటు వెలిగింది. రివెట్ల తలలు రాసేసి, మేకులు కొట్టి బయటికి తీస్తుంటే తనే చేసిన పనిని తనే పాడుచేస్తున్నట్టు అనిపించింది అతనికి. స్ప్రింగు బయటికి తీసి, నడుము మేకుకీ ముందుకొసకీ మధ్య లోపలివైపు రాయడం మొదలెట్టాడు. అక్కడ పలచబడితే స్ప్రింగు మెత్తబడుతుంది. పది రాపిళ్లు, కూర్చి చూడటం. మళ్లీ పది. గట్టిపరచిన ఉక్కు కదా, ఆకురాయి మొరాయిస్తుంటే గరుకు కాగితం వాడాడు. ఎంత తీయాలో చెప్పేందుకు కుర్చీలో ఎవరూ లేరు. ఇక పిడికి రెండువైపులా, టేకుతో సహా ఇత్తడి రేకుల్లోకి, గుండ్రటి ఆకురాయితో అర్ధచంద్రంలా గాడి తీశాడు. ఇప్పుడు గోరుతో పనిలేదు. మూసిన బ్లేడుని బొటనవేలు, చూపుడువేలు మధ్య నిండుగా పట్టుకోవచ్చు. అందం కొంచెం చెడింది. ఈ పనికి ఇంకో రెండు రాత్రులు పట్టింది.

నాలుగోరోజు పొద్దున నాన్న పేపరు చదువుతుండగా ఏమీ అనకుండా చాకు పక్కన పెట్టాడు. పెద్దాయన కుడిచెయ్యి ఒళ్లో ఊరికే ఉంది, ఎప్పట్లాగే వణుకుతోంది. ఈ జబ్బులో అదో చిత్రం. చేతికి పనిలేనప్పుడే వణుకు ఎక్కువ, ఏదైనా పట్టుకుని పనిచేస్తుంటే చాలామందికి కాస్త తగ్గుతుంది. ఆయన చాకు అందుకుని గాడిని వేలితో తడిమారు. రెండు వేళ్లతో బ్లేడు పట్టి లాగారు. సగం దాకా వచ్చి ఆగింది. కాసేపు ఊపిరి తీసుకుని మళ్లీ లాగారు. తెరుచుకుంది.

'చప్పుడు తగ్గింది' అన్నారు.

'స్ప్రింగు పలచన చేశాను నాన్నా.'

'తెలుస్తోంది. ఎన్ని రాపిళ్లు?'

'లెక్కపెట్టలేదు.'

ఆయన మూశారు. తెరిచారు. మూశారు. తర్వాత వంటింటివైపు తిరిగి 'ఏమే, కోయడానికి ఏమైనా ఉందా?' అని కేకేశారు. జామకాయలు లేవు, మామిడికాయలు ఇంకా తేలేదు. అమ్మ తలుపు దగ్గర నిలబడి కొడుకు ముఖం, ఆయన చేయి మార్చిమార్చి చూసింది. చివరికి ఓ చేటలో పావుకిలో గోరుచిక్కుడుకాయలు తెచ్చి ముందు పెట్టి, తనూ పక్కనే కూర్చుంది. అవి చేత్తో తుంచేసుకోవచ్చు, చాకు అక్కర్లేదు. ఆ సంగతి ఎవరూ ఎత్తలేదు.

ఒక్కోకాయకి రెండు కొసలు. అన్నీ అయ్యేసరికి ముప్పావుగంట పట్టింది. ఆయన బ్లేడుని లుంగీ అంచుకి తుడిచి, మడిచి, జేబులో వేసుకున్నారు.